పిల్లల పళ్ళు పుచ్చడానికి తీపి ఒక్కటే కారణమా?

గోదావరి జిల్లాల్లో పసిపిల్లాడి పన్ను పుచ్చిందంటే మొదటి నింద తీపి మీద పడుతుంది. తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకు, ఎండాకాలంలో మామిడి తాండ్ర, సంక్రాంతికి అరిసెలు, మధ్యమధ్యలో సున్నుండలు. "మామ్మ ముద్దు చేసి పెట్టింది, పళ్ళన్నీ పాడైపోయాయి" అని కోడలు అంటుంది. "మేమూ బెల్లం తినే పెరిగాం, మాకేం కాలేదే" అని మామ్మ అంటుంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. తీపి, పిండి పదార్థాలు లేకుండా పన్ను పుచ్చదు. కానీ ఒకే ఇంట్లో, ఒకే డబ్బాలోని సున్నుండలు తిన్న అన్నదమ్ముల్లో పెద్దవాడి పళ్ళు బాగానే ఉండి, చిన్నవాడికి ముందు నాలుగు పళ్ళూ నల్లబడిపోవడం చాలామంది చూసే ఉంటారు. ఆ తేడా ఎక్కడ వస్తోందో తెలిస్తే మిగతా సందేహాలు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

నోట్లో ఉండే బ్యాక్టీరియాలో స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ అనేది ఒక రకం. మనం తిన్న పంచదార, బెల్లం, పిండి దానికీ ఆహారమే. అది తిని యాసిడ్ వదులుతుంది. యాసిడ్ పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్. నోట్లో అది 5.5 కంటే కిందికి దిగితే పన్ను పైపొరలో, అంటే ఎనామిల్‌లో ఉన్న కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. నోట్లో తీపి పడిన కొద్ది నిమిషాల్లోనే ఇదంతా జరిగిపోతుంది. తర్వాత లాలాజలం నెమ్మదిగా ఆ యాసిడ్‌ని విరిచి, పోయిన ఖనిజాన్ని తిరిగి పన్నులోకి చేరుస్తుంది. దానికి సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. ప్రతి పన్నూ రోజూ కాస్త కరుగుతుంది, రోజూ కాస్త బాగవుతుంది. కరిగే సమయం పెరిగిపోయి, బాగుపడే సమయం దొరకనప్పుడే గుంట పడుతుంది.

అందుకే ఎంత తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. భోజనం కాగానే ఒక మడతకాజా మొత్తం తినేసి, నీళ్ళు తాగి ఆటకు పోయిన పిల్ల పళ్ళకు నష్టం ఒక్కసారితో ఆగిపోతుంది. అదే పొద్దుటి నుంచి అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ చేత్తో పట్టుకుని, పది నిమిషాలకొకటి కొరుక్కుంటూ తిరిగే పిల్లాడి నోరు మధ్యాహ్నం దాకా యాసిడ్‌లోనే ఉంటుంది. వాడు మొత్తం మీద తిన్న పంచదార ఆ పిల్ల తిన్నదాని కంటే తక్కువే కావచ్చు. అయినా పుచ్చేది వాడి పళ్ళే. చిప్స్, కుర్‌కురే లాంటివి తీపి కాదు కదా అని ఊరుకుంటాం గానీ, ఆ పిండి దవడపళ్ళ గాడుల్లో ఇరుక్కుని గంటలకొద్దీ ఉండిపోతుంది. తాండ్ర, జీళ్ళు కూడా అంతే, అంటుకుంటే ఒక పట్టాన వదలవు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మంచి ఆహారమే. దాన్ని కలిపి ఒక పూట తినిపించడం వేరు, పొడి పొడిగా గుప్పిట్లో పోసి రోజంతా నాకనివ్వడం వేరు.

కాబట్టి పండగ పూట పిల్లల చేతిలోంచి అరిసె లాక్కోమని నేను ఎవరికీ చెప్పను. అది భోజనంతో పాటే పెట్టండి. భోజనానికీ భోజనానికీ మధ్య ఆకలేస్తే జాంపండో, ఉడకబెట్టిన వేరుశనగకాయలో, పెరుగన్నమో, లేత కొబ్బరో పెట్టండి. దాహానికి మంచినీళ్ళే ఇవ్వండి, ప్యాకెట్ జ్యూసు వద్దు.

ఈ బ్యాక్టీరియా పసిబిడ్డకు పుట్టుకతో ఉండదన్నది కూడా చాలామందికి తెలియదు. ఎక్కువగా అది తల్లి నోటి నుంచే వస్తుంది. ఉగ్గు వేడిగా ఉందేమోనని స్పూను తన నోట్లో పెట్టుకుని చూసి అదే స్పూనుతో తినిపించడం, కింద పడిన పాలపీకను తాను చప్పరించి బిడ్డ నోట్లో పెట్టడం, ఇలాంటి వాటితోనే చేరుతుంది. అమ్మ నోట్లో పుచ్చుపళ్ళు ఎన్ని ఎక్కువుంటే బిడ్డకు అంత త్వరగా, అంత ఎక్కువగా అంటుకుంటుంది. కడుపుతో ఉన్నప్పుడే తల్లి తన పళ్ళు చూపించుకుంటే ఆ మేలు బిడ్డకూ అందుతుంది. అయిదో నెలలో సారె గురించి మాట్లాడుకునే ఇళ్ళలో ఈ ముక్క కూడా మాట్లాడుకుంటే బావుంటుంది.

ఇక రాత్రి సంగతి. నిద్రపోయాక నోట్లో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పగలు పన్నును కాపాడేది రాత్రి ఉండదు. ఆ సమయంలో పంచదార వేసిన గేదెపాల సీసా నోట్లో పెట్టి పడుకోబెడితే పాలు పైపళ్ళ వెనకాల, చిగుళ్ళ దగ్గర నిలిచిపోతాయి. అందుకే ఈ పిల్లల్లో పైన ముందు నాలుగు పళ్ళు మొదట పాడవుతాయి. కింది ముందుపళ్ళు మాత్రం బాగానే ఉంటాయి, ఎందుకంటే పాలు తాగేటప్పుడు నాలుక వాటిని కప్పి ఉంచుతుంది. పైన నలుపు, కింద తెలుపు కనిపించిందంటే అది రాత్రి సీసా చేసిన పనే అయ్యుంటుంది. తల్లిపాలు మానేయమని దీని అర్థం కాదు. రెండేళ్ళు, ఆ పైన కూడా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. కానీ పళ్ళు వచ్చాక రాత్రంతా నోట్లో పాలతో నిద్రపోయే అలవాటును మెల్లగా తగ్గించాలి, పడుకునే ముందు పళ్ళు తుడవాలి. సీసాలో పాలు మాన్పించడం కష్టమైతే రోజురోజుకూ నీళ్ళు కలుపుతూ పోయి, చివరికి మంచినీళ్ళే మిగిలేలా చేయండి. ఏడాది, ఏడాదిన్నర కల్లా సీసా వదిలించి గ్లాసు అలవాటు చేస్తే ఇంకా మేలు.

పన్ను నల్లబడే లోపు ఒక దశ ఉంటుంది, దాన్ని దాదాపు ఎవరూ చూడరు. బిడ్డను వెలుతురులో, వీధి అరుగు మీదో కిటికీ పక్కనో పడుకోబెట్టి, చూపుడు వేలితో పై పెదవిని ముక్కు వైపు ఎత్తండి. ఒక శుభ్రమైన గుడ్డతో పళ్ళ మీద తడి తుడవండి. పన్ను చిగురులోంచి బయటికి వచ్చే చోట, చిగురు అంచుకు ఆనుకుని సుద్దముక్కతో గీసినట్టు పాలిపోయిన తెల్లటి గీత కనిపిస్తోందా? మిగతా పన్ను మెరుస్తూ ఉంటే ఆ గీత మెరవదు. తడిగా ఉన్నప్పుడు కనిపించదు, ఆరితేనే తెలుస్తుంది. పుచ్చు మొదలయ్యేది అక్కడే. ఇంకా గుంట పడలేదు, నొప్పి లేదు, పిల్లాడు ఏమీ చెప్పడు. ఇప్పుడైతే డ్రిల్లూ వద్దు, ఇంజెక్షనూ వద్దు. రాత్రి సీసా ఆపి, ఎనామిల్‌ను గట్టిపరిచే ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజూ రెండుపూటలా తోమి, దంతవైద్యుల దగ్గర మూడు నుంచి ఆరు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూయిస్తే ఆ గీత గట్టిపడి ఆగిపోవచ్చు. నెలకోసారి ఆ పెదవి ఎత్తి చూడడం ఏ తల్లీ ఏ తండ్రీ చేయలేనంత పని కాదు. తెల్లగీత గోధుమరంగుకు తిరిగి, పన్ను అంచు పెచ్చులు ఊడడం మొదలుపెట్టిందంటే ఆ సులువు దారి మూసుకుపోయినట్టే.

తోమడం ఎవరి పని అన్న దగ్గర మన ఇళ్ళలో పెద్ద పొరపాటు జరుగుతోంది. మూడేళ్ళ పిల్లాడి చేతికి బ్రష్షిచ్చి, "మావాడు తనే తోముకుంటాడండీ" అని మురిసిపోతాం. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లల చేతికి దవడపళ్ళ వెనకదాకా తోమే నేర్పు రాదు. వాళ్ళు తోముకున్నాక పెద్దవాళ్ళు మళ్ళీ ఒకసారి తోమాల్సిందే. బిడ్డ తల మీ ఒళ్ళో ఉండేలా పడుకోబెట్టుకుని వెనక నుంచి తోమితే నోరంతా కనిపిస్తుంది. పొద్దున తోమడం కంటే రాత్రి తోమడం ముఖ్యం, కారణం పైన చెప్పిందే. రాత్రి తోమాక మంచినీళ్ళు తప్ప ఇంకేమీ పెట్టకూడదు. వేపపుల్ల పెద్దవాళ్ళకు పనికొస్తుందేమో గానీ రెండేళ్ళ పిల్ల దవడపన్ను మీద అది తిరగదు. కచ్చిక, బొగ్గు, ఉప్పు, ఇటుకపొడి అయితే అసలు వద్దు. పాలపన్ను ఎనామిల్ మందం శాశ్వత పన్నుతో పోలిస్తే సగమే ఉంటుంది. గరుకు పొడితో రుద్దితే ఆ సగమూ అరిగిపోతుంది.

పేస్టు విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. ఫ్లోరైడ్ అనగానే తెలుగువాళ్ళకు నల్గొండ గుర్తొస్తుంది. వంగిపోయిన ఎముకలు, గార పట్టిన పళ్ళు కళ్ళముందు మెదులుతాయి. ఆ భయంతో పిల్లలకు "ఫ్లోరైడ్ లేనిది" అని రాసి ఉన్న పేస్టు వెతికి మరీ కొంటున్నారు. నల్గొండలో, ప్రకాశంలో భూమిలోపలి రాతి పొరల నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్ళలో కరిగి, ఏళ్ళ తరబడి లీటర్లకొద్దీ కడుపులోకి పోవడం వల్ల వచ్చిన కష్టం అది. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. డెల్టాలో మనం తాగేది ఎక్కువగా ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువల్లో వచ్చి, ఊరి చెరువులో నిలిచి, ఫిల్టరయ్యే గోదావరి నీళ్ళు. నదినీళ్ళలో ఫ్లోరైడ్ మామూలుగా తక్కువే ఉంటుంది. దానికి తోడు ఇప్పుడు ఊరూరా ఆర్వో ప్లాంటు, ఇంటింటా వాటర్ టిన్ను. ఉన్న కాస్త ఫ్లోరైడ్‌నీ ఆర్వో తీసేస్తుంది. అంటే మన పిల్లలకు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై కష్టం రావడం కాదు, పన్నుకు ఆ రక్షణ పేస్టులో తప్ప ఇంకెక్కడా దొరకడం లేదు. దాన్నీ తీసేస్తే ఇక మిగిలేది నురగే. మెట్ట వైపు బోరు నీళ్ళు తాగే కుటుంబాలు మాత్రం ఒకసారి నీళ్ళు పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇంకా భయముంటే కొలత పాటించండి. మొదటి పన్ను వచ్చిన రోజు నుంచి మూడేళ్ళ దాకా బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. ట్యూబు వెనక 1000 పీపీఎం ఫ్లోరైడ్ అని ఉందేమో చూసుకోండి. ప్రకటనల్లో చూపించేలా బ్రష్షు పొడుగునా పేస్టు వేయొద్దు. తోమాక నురగ ఉమ్మేయిస్తే చాలు, గ్లాసుడు నీళ్ళతో పుక్కిలిస్తే పన్ను మీద ఉండాల్సిన ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది. ఆరేళ్ళ లోపు పిల్లలు పేస్టు తినేయకుండా ట్యూబును అందకుండా పెట్టండి.

"పాలపళ్ళే కదండీ, ఎలాగూ ఊడిపోయేవే, వాటికి ఖర్చెందుకు?" ఈ ప్రశ్న వినని పిల్లల దంతవైద్యులు ఉండరు. ముందు నాలుగు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. కానీ పాల దవడపళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఉండాలి. మూడేళ్ళకు పుచ్చిన దవడపన్నును వదిలేస్తే ఆ పిల్ల ఇంకో ఏడెనిమిదేళ్ళు దాంతోనే నమలాలి, దాంతోనే నిద్రపోవాలి. నొప్పి ఉన్న పిల్లలు ఒకవైపే నములుతారు, ముద్ద నోట్లోనే దాచుకుంటారు, తిండి తగ్గించేస్తారు. "వీడు అన్నం తినడండీ" అని తల్లులు వాపోయే పిల్లల్లో కొందరి నోరు చూస్తే కారణం అక్కడే కనిపిస్తుంది. పైగా పాలపన్ను కింద శాశ్వత పన్ను మొలక తయారవుతూ ఉంటుంది. పైదాని వేరు దగ్గర చీము చేరితే, కింద ఉన్నది మచ్చలతో, గుంటలతో పుట్టే అవకాశం ఉంది. ఇంకొకటి, ఆర్టీసీ బస్సులో సీటు మీద కర్చీఫ్ వేసినట్టు పాలపన్ను తన కింద వచ్చేదానికి చోటు ఆపి ఉంచుతుంది. దాన్ని ముందే పీకేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరుగుతాయి, అసలు పన్ను వచ్చేసరికి చోటుండదు. పదిహేనేళ్ళకు క్లిప్పులు పెట్టించాల్సి వచ్చే వంకర పళ్ళలో కొన్నిటికి మూలం ఇదే.

వీటన్నిటి మధ్యలో ఎవరూ పట్టించుకోకుండా వచ్చేసే పన్ను ఒకటుంది. ఆరేళ్ళు నిండే వేళకు, చివరి పాల దవడపన్నుకు వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే శాశ్వత దవడపన్ను మొలుస్తుంది. పైన రెండు, కింద రెండు. పళ్ళు ఊడాకే కొత్తవి వస్తాయని మన లెక్క కాబట్టి దీన్నీ పాలపన్నే అనుకుంటాం. ముందు మధ్యగీత నుంచి వెనక్కి లెక్కపెట్టండి, ఆరోది అదే. ఇది జీవితాంతం ఉండాల్సిన పన్ను, నమలడంలో ఎక్కువ బరువు మోసేదీ ఇదే. గాడులు లోతుగా ఉంటాయి, వచ్చేటప్పుడు చిగురు సగం కప్పి ఉంటుంది, బ్రష్షు అందదు. ఏడెనిమిదేళ్ళకే పుచ్చిపోయిన ఈ పన్నును చూసినప్పుడు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అది పోతే మళ్ళీ రాదు. అది పూర్తిగా బయటికి రాగానే గాడులను కప్పేసే సీలెంట్ అనే పూత వేయిస్తే సరిపోయేది. నొప్పి లేకుండా, కాసేపట్లో అయిపోయే పని అది.

పుచ్చు లోపలికి దిగాక ఏం చేయాలన్నది పన్నును బట్టి ఉంటుంది. చిన్న గుంటయితే సిమెంటు నింపుతారు. నరం దాకా పోతే పాలపన్నుకు కూడా రూట్‌కెనాల్ లాంటి చికిత్స చేసి పైన స్టీలు క్యాపు వేస్తారు. ఏడాదిలోపు ఊడబోయే పన్నయితే పీకేయడమే మేలు కావచ్చు. ముందుగా పీకాల్సి వస్తే ఆ చోటు మూసుకుపోకుండా స్పేస్ మెయింటెయినర్ అనే చిన్న తీగను అమరుస్తారు. కుర్చీలో కూర్చోబెట్టలేని మరీ చిన్నపిల్లలకు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రావణం పూసి పుచ్చును అక్కడితో ఆపే మార్గం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పుచ్చిన చోటు నల్లగా మారుతుందన్నది ఒక్కటే ఇబ్బంది, ముందే చెప్పి పూస్తారు.

మెడికల్ షాపు వైద్యం మాత్రం వద్దు. బుగ్గ వాస్తే యాంటీబయాటిక్ సిరప్పు, నొప్పి మందు తెచ్చి వేస్తారు, రెండ్రోజుల్లో తగ్గిపోతుంది, అందరూ మర్చిపోతారు. లోపల చీముకు కారణమైన పన్ను అలాగే ఉంది. నెలకో రెణ్ణెల్లకో మళ్ళీ వస్తుంది. చిగురు మీద చిన్న పొక్కులా లేచి, చితికి, మళ్ళీ లేస్తుంటే అది వేడి చేసి కాదు, వేరు దగ్గర చీము ఉండి. వాపుతో పాటు జ్వరం ఉన్నా, వాపు కంటి వైపు గానీ దవడ కిందికి గానీ పాకుతున్నా, మింగలేకపోతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పంటిలో పురుగు ఉండదు, కాబట్టి పొగ పట్టించి పురుగులు రాల్చేస్తామనే వాళ్ళ దగ్గరకు వెళ్ళి రోజులు పోగొట్టుకోవద్దు.

పళ్ళు వచ్చే వయసు చుట్టూ అల్లుకున్న భయాలు కొన్ని ఉన్నాయి. సాధారణంగా ఆరో నెల దాటాక కింద ముందు రెండు పళ్ళు వస్తాయి, మూడేళ్ళలోపు మొత్తం 20 నిండుతాయి. కొందరికి ఏడాది దాకా ఒక్కటీ రాదు, కంగారు అక్కర్లేదు. ఏడాదిన్నరకూ రాకపోతే చూపించాలి. పైపళ్ళు ముందొస్తే మేనమామకు గండమన్నది ఏ ఆధారమూ లేని మాట. చొల్లు కారడం, చిగుళ్ళ దురద, కాస్త చిరాకు వరకు పళ్ళ వల్లే. గట్టి జ్వరం, నీళ్ళ విరేచనాలు పళ్ళ వల్ల కాదు. ఆ వయసులో తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గుతుంది, బిడ్డ పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. "పళ్ళొస్తున్నాయిలే" అని ఊరుకుంటే విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి డాక్టరుకు చూపించాలి. చిగుళ్ళకు రాసే బెంజోకేయిన్ జెల్ రెండేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. చల్లటి శుభ్రమైన తడిగుడ్డ కొరకనిస్తే చాలు.

ఆరేడేళ్ళప్పుడు కింద పాలపన్ను ఊడకముందే వెనక నుంచి రెండో వరుస మొలిస్తే తల్లిదండ్రులకు టెన్షన్. పాలపన్ను కదులుతూ ఉంటే అది ఊడాక నాలుక నెట్టి కొత్తదాన్ని ముందుకు తెస్తుంది. రెండు మూడు నెలలైనా కదలకపోతే తీయించాలి. ఏడు, పదకొండేళ్ళ మధ్య పై ముందుపళ్ళ నడుమ సందు కనిపించడం చాలామందిలో సహజం, కోరపళ్ళు దిగాక మూసుకుంటుంది. వేలు చీకడం నాలుగేళ్ళలోపు మానేస్తే పళ్ళకు పెద్దగా నష్టం ఉండదు.

దెబ్బ తగిలి పన్ను ఊడినప్పుడు మాత్రం నిమిషాలు లెక్క. ఎనిమిదేళ్ళ పిల్లాడు సైకిలు మీంచి కాలవగట్టు మీద పడి ముందుపన్ను వేరుతో సహా ఊడిందనుకోండి, అది శాశ్వత పన్ను. వేరును ముట్టుకోకుండా తెల్లభాగం పట్టుకుని తీయండి. మట్టి ఉంటే పాలతోనో నీళ్ళతోనో క్షణంపాటు కడగండి, రుద్దొద్దు. వీలైతే ఆ గుంటలోనే తిరిగి పెట్టి, గుడ్డ కరిచిపట్టించి తీసుకెళ్ళండి. వీలుకాకపోతే చల్లటి పాలగ్లాసులో వేసి వెళ్ళండి, ఉత్తనీళ్ళలో వద్దు. అరగంటలోపు చేరితే ఆ పన్ను నిలబడే అవకాశం బాగా ఉంటుంది, గంట దాటితే తగ్గిపోతుంది. చిన్నపిల్లల పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు, పెడితే కింద మొలక దెబ్బతింటుంది.

ఎక్కడికి వెళ్ళాలన్నది డెల్టాలో మరీ కష్టమైన ప్రశ్న కాదు. భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ, రాజమహేంద్రవరంలో జీఎస్‌ఎల్ డెంటల్ కాలేజీ ఉన్నాయి. డెంటల్ కాలేజీల్లో పిల్లల దంతవైద్యానికి ప్రత్యేక విభాగం ఉంటుంది, మామూలుగా బయటి కంటే ఖర్చు తక్కువవుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందాలు చూడాల్సిన వాటిలో పుచ్చుపళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళు వచ్చిన రోజు మీ పిల్ల నోరు చూశారా, ఏమైనా రాసిచ్చారా అని టీచరుగారిని అడగండి. మొదటిసారి చూపించాల్సింది నొప్పి వచ్చాక కాదు, మొదటి పుట్టినరోజు నాటికి. అప్పటికి చేయాల్సిన వైద్యం ఏమీ ఉండదు, చూసి నాలుగు మాటలు చెప్పి పంపుతారు, బిడ్డకు ఆ కుర్చీ, ఆ లైటు అలవాటవుతాయి. ఇంట్లో మాత్రం "అల్లరి చేస్తే పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి సూది వేయిస్తా" అని ఎవరూ అనకుండా చూసుకోండి.